వయసుకు తగ్గ పొగ

ముందుగా చదివేవాళ్ళకు ఒక మాట. నా రాతలో ఒక అక్షరానికి పెట్టాల్సిన ఒత్తు ఇంకో అక్షరానికి పడి ఉంటే మన్నించండి. నేను రాయడం నేర్చుకున్నది అరవై దాటాక. మా ఊళ్ళో రాత్రి బడి పెట్టినప్పుడు శామియానా, కుర్చీలు మా దుకాణం నుంచే వెళ్ళాయి. విప్పి తెచ్చుకునేదాకా ఊరికే కూర్చోవడం ఎందుకని నేనూ ఒక పలక పట్టుకున్నాను. ఇప్పటికీ ఒక పేజీ నింపాలంటే నాకు ఒక పూట పడుతుంది. నేను చూసిన ఆఫీసుల్లో అంతకంటే ఎక్కువే పడుతుంది కాబట్టి పెద్దగా సిగ్గుపడటం లేదు.

మాది టెంట్ హౌసు. పెళ్ళయినా, పెద్దకర్మయినా, మంత్రి వచ్చినా, స్వామీజీ వచ్చినా మా గంగాళాలు, కుర్చీలు మా పికప్ బండిలోనే వెళ్ళాలి. ఆ బండి కొన్నది మా ఆయన మాలకొండయ్య. కొన్న కొత్తలో అది తెల్లగా ఉండేది. పోనుపోను దాని పొగ ఎంతదాకా వచ్చిందంటే, మేము సామాను దించి వెళ్ళాక పెళ్ళివాళ్ళు ముందు ముఖాలు కడుక్కుని ఆ తర్వాత ముహూర్తం చూసుకునేవాళ్ళు. చివరికి మా ఆయన ఊపిరితిత్తుల జబ్బుతోనే పోయాడు. బీడీలు తాగేవాడా అని డాక్టరు అడిగాడు. ఆయన తాగలేదండీ, బండి తాగింది అని చెప్పాను. డాక్టరు అది రాసుకోలేదు.

ఆయన తర్వాత బండి తోలుతున్నది ఏసోబు. నలభై దాటినవాడు, ఇద్దరు పిల్లల తండ్రి, నన్ను పెద్దమ్మా అంటాడు. ఒకరోజు గంగాళం దించుతూ దించుతూ ఆపి, గోడ పట్టుకుని దగ్గాడు. ఆ దగ్గు నేను గుర్తుపట్టాను. అది మా ఇంట్లో చాలా కాలం ఉన్న దగ్గు. తెల్లారి బండిని దస్తగిరి షెడ్డుకు తోలించాను.

దస్తగిరి మా ఊరి మెకానిక్కు. ఇంజను దించి బల్ల మీద పెట్టి, దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి చెప్పాడు.

"సిలిండర్లకు బోరు కొట్టిస్తా అక్కా. పిస్టన్లు, రింగులు కొత్తవి ఏస్తా. ఆ తర్వాత డీజిలు పంపు మర ఒక చుట్టు తిప్పుతా. బండి ఏనుగులాగా లాగుద్ది."

"మర తిప్పితే ఏమవుద్ది?"

"డీజిలు ఎక్కువ పోద్ది."

"పొగ?"

"పొగ ఎనకమాల కదక్కా వచ్చేది. మనం కూర్చునేది ముందు."

సైలెన్సరుకు ముందు గొట్టంలో ఒక ఇనప డబ్బా ఉంటుంది. దాని లోపల తేనెపట్టులాగా సన్నసన్న బెజ్జాలతో ఒక జాలి ఉంటుందని, పొగలోని విషాన్ని అది కాల్చేస్తుందని, బండి కొన్నప్పుడు షోరూమువాళ్ళు మా ఆయనకు చెబుతుంటే నేను విన్నాను. ఆ డబ్బాను తట్టి చూశాను. గుల్లగా మోగింది.

"ఇందులో తేనెపట్టు ఏదిరా?"

"అదెప్పుడో పీకేశా" అన్నాడు దస్తగిరి, పిప్పిపన్ను పీకిన డాక్టరులాగా. "బండిని లాగనివ్వదక్కా అది. మీ ఒక్క బండికేనా? ఈ చుట్టుపక్కల ఏ బండికైనా పీకింది నేనే. డబ్బా మాత్రం ఉంచుతా. చెకింగోళ్ళు డబ్బా ఉందా లేదా అని చూస్తారు గానీ లోపల ఏముందో చూడరు."

"కంపెనీవాడు ఎట్టా పంపాడో అట్టా చెయ్యి."

"అట్టాంటి బండిని ఈ ఊళ్ళో ఎవరూ చూళ్ళేదక్కా. జనం జడుసుకుంటారు."

నేను వినలేదు. వాడు గొణుక్కుంటూనే అన్నీ చేశాడు. పంపును మిషను మీద పెట్టించి కంపెనీ కొలతకు తెచ్చాడు. పొగలో కొంత మళ్ళించి ఇంజనుకే పంపే వాల్వు ఒకటి మసిపట్టి నోరు తెరుచుకుని ఉండిపోతే, కడిగి, మూసుకోవడం మళ్ళీ నేర్పాడు. డబ్బాలో కొత్త తేనెపట్టు పెట్టాడు. ఏసోబు తాళం తిప్పాడు. స్టార్టయిందో లేదో తెలియక మళ్ళీ తిప్పాడు. బండి గర్రుమని తిట్టింది. వెనక పొగ లేదు. దస్తగిరి తన చేతి పనిని తానే అనుమానంగా చూసుకుంటూ సైలెన్సరు దగ్గర అరచెయ్యి పెట్టాడు.

"గాలి వస్తందక్కా. వట్టి గాలే!"

సరిగ్గా అప్పుడే కొత్త నిబంధన వచ్చింది. పాత బండ్లన్నీ పొగ పరీక్షలో నెగ్గాలి. నెగ్గని బండి తుక్కుకు వెళ్ళాలి. నిబంధన విని భయపడనిది మండలం మొత్తంలో నేనొక్కదాన్నే అనుకుంటాను.

పొగ పరీక్ష చేసేది పెట్రోలు బంకు పక్కన వ్యానులో కూర్చునే నాంచారయ్య. మా బండి నంబరు ప్లేటుకు ఒక ఫోటో తీసి, "అయిపోయింది పిన్నీ, వెళ్ళిరా" అన్నాడు.

"గొట్టం పెట్టి చూడవా?"

"గొట్టమెందుకు పిన్నీ? నంబరు తెలిస్తే వయసు తెలుస్తుంది. వయసు తెలిస్తే పొగ తెలుస్తుంది. అంతా కంప్యూటర్లోనే ఉంది."

అంత డబ్బు పోసి చేయించుకున్నదాన్ని, నా బండి ఎంత శుభ్రంగా ఉందో మిషను నోటితో వినాలని ఆశపడ్డాను. గొట్టం పెట్టాల్సిందేనన్నాను. నాంచారయ్య గొట్టం వెతికి, దాని మీది ప్లాస్టిక్ కవరు చింపి, ఏ చివర లోపల పెట్టాలో ఫోనులో ఎవరినో కనుక్కుని, పెట్టాడు. ఏసోబు ఆక్సిలేటరు తొక్కాడు. మిషను చాలాసేపు ఆలోచించి, ఇంజను ఆగి ఉంది, దయచేసి స్టార్ట్ చేయండి అంది.

"నడుస్తానే ఉందయ్యా" అన్నాడు ఏసోబు.

"నడుస్తున్నట్టు మిషను ఒప్పుకోవట్లేదు" అన్నాడు నాంచారయ్య. ఇంతలో మిషను ఎర్రగా మెరిసి, కుయ్యిమంది. అతని ముఖం మాడిపోయింది. "ఇందాక ఫోటోతో పోయేదానివి పిన్నీ. ఇప్పుడది ఆఫీసుకు కబురు పంపేసింది. బండి తీసుకుని ధూమ ప్రమాణాల కార్యాలయానికి వెళ్ళాలి నువ్వు."

ఆ కార్యాలయంలో సహాయ ధూమాధికారి పుండరీకాక్షం గారు ఉంటారు. సన్నగా, తెల్లగా, ఇస్త్రీ చేసిన కాగితంలాగా ఉంటారు. నన్ను కూర్చోబెట్టి, మంచినీళ్ళు ఇప్పించి, తర్వాత నా బండి చేసిన నేరం చదివి వినిపించారు.

"సదరు వాహనము తన వయసుకు తగిన ధూమమును విసర్జించుటలో విఫలమైనది."

"పొగ రాకపోతే మంచిదే కదండీ?"

ఆయన జాలిగా నవ్వారు. "చూడండమ్మా. ధూమము ఎక్కువ అయితే ఉల్లంఘన. తక్కువ అయితే అనుమానం. ఉల్లంఘనకు శిక్ష ఉంది. అనుమానానికి మా దగ్గర ఏమీ లేదు, అందుకే అది మరింత తీవ్రమైన విషయం."

గోడ మీద పటం కట్టిన ఒక పట్టిక చూపించారు. దాని పేరు వయోధూమ పట్టిక. ఏ వయసు బండి ఎంత పొగ వదలాలో అందులో ఉంది. జిల్లాలోని బండ్లన్నిటినీ పరిశీలించి, సగటు తీసి, శాస్త్రీయంగా తయారు చేశారట.

"ఈ చుట్టుపక్కల బండ్లన్నిటికీ దస్తగిరి డబ్బా గుల్ల చేసి, పంపు మర తిప్పాడండీ" అన్నాను. "ఆ పొగలకు సగటు తీస్తే అంతే వస్తుంది."

"ఎవరు తిప్పారన్నది పట్టికకు అప్రస్తుతం. అందరికీ ఉన్నది ప్రమాణం. మీ ఒక్కరికే ఉన్నది మార్పు. అనుమతి లేకుండా వాహనానికి మార్పు చేయడం నేరం."

ఆయన యార్డులోకి వచ్చి, చేతికి తొడుగు వేసుకుని, బండి కిందికి వంగి డబ్బాను తట్టారు. మోగలేదు. మళ్ళీ తట్టారు. పక్కనున్న ఇంకో బండి డబ్బాను తట్టారు. అది గుడి గంటలాగా మోగింది. లేచి నిలబడి ఏసోబును పైనుంచి కిందికి చూశారు.

"ఇందులో ఏం దాచారు?"

"తేనెపట్టు సార్" అన్నాడు ఏసోబు.

"అటవీ ఉత్పత్తి!" అన్నారు ఆయన. నేను ఎంత చెప్పినా, కంపెనీ పుస్తకంలో బొమ్మ చూపించినా లాభం లేకపోయింది. "కంపెనీ వారు పెట్టి ఉండవచ్చు. మా అనుభవంలో ఏ వాహనానికీ ఇది కనపడలేదు" అని, బండిని యార్డులో నిలిపేసి నోటీసు ఇచ్చారు. నెలాఖరులోగా బండి తన సహజ ధూమమును పునరుద్ధరించుకోవలెను. లేనిచో తుక్కుకు పంపబడును.

నేను వస్తుంటే వెనక్కి పిలిచి, గొంతు తగ్గించి, దయగా చెప్పారు. "మీరు భర్తను కోల్పోయినవారు. మీలాంటి వారికి ధూమ పునరుద్ధరణ పథకం ఉంది. ఆ జాలి తీయించే ఖర్చు మొత్తం ప్రభుత్వమే భరిస్తుంది. పంపు మర కూడా ఉచితంగా తిప్పిస్తాం."

మా ఆయన్ని మింగిన పొగను నాకు ఉచితంగా తిరిగి ఇస్తామన్న మొదటి మనిషి ఆయనే. దణ్ణం పెట్టి వచ్చేశాను.

దస్తగిరికి ఈ సంగతి చెబితే వాడు బాధపడతాడనుకున్నాను. వాడు చెయ్యి తుడుచుకుని, షెడ్డులో ఉన్నవాళ్ళందరినీ పిలిచాడు.

"ఇన్నారంట్రా? గవర్నమెంటు పట్టిక నా చేతి పనంట! గోడకి పటం కట్టారంట!"

"నా బండి తుక్కుకు పోతందిరా."

"అది నీ తప్పక్కా. నేను ముందే చెప్పలా?"

పెళ్ళిళ్ళ రోజులు. బండి లేక ట్రాక్టర్లు మాట్లాడుకుని సామాను పంపుతుంటే దారిలో సగం కుర్చీల కాళ్ళు విరిగాయి. ఏసోబు పనిలేక మా గోడౌను ముందు కూర్చునేవాడు. "జాలి తీసేద్దాం పెద్దమ్మా, నా దగ్గుదేముంది, అలవాటయింది" అన్నాడు ఒకరోజు. అలవాటయిందన్న మాట మా ఆయన కూడా అనేవాడు. నేను బస్సెక్కి ఉపసంచాలకులు కోదండపాణి గారి దగ్గరికి వెళ్ళాను. ఆ కార్యాలయం మొత్తానికి ఆయనే పెద్ద. కొత్త ఆలోచనలు చేస్తారని పేరు.

నేను వెళ్ళేసరికి ఆయన బాగా దిగులుగా ఉన్నారు. కారణం కిటికీలోంచి కనిపించింది. కార్యాలయం జీపు యార్డులో స్టార్టు చేసి ఉంది. దాని వెనక ఉండాల్సిన గోడ కనిపించడం లేదు. పట్టిక ప్రకారం దాని వయసుకు ఉండాల్సిన పొగకు అది రెట్టింపు వదులుతోందట. అంటే ధూమ ప్రమాణాల కార్యాలయం జీపే తుక్కుకు వెళ్ళాలి.

నా అర్జీ చదువుతూ చదువుతూ ఆయన ఆగిపోయారు. నన్ను చూశారు. కిటికీలోంచి జీపును చూశారు. ముఖంలో వెలుగు వచ్చింది.

"పుండరీకాక్షం! ఈమెది లోటు ధూమం. మనది మిగులు ధూమం. రెండూ కూడి సగానికి భాగిస్తే?"

పుండరీకాక్షం గారు నోట్లో లెక్క వేసి, కళ్ళు మూసుకున్నారు. "ప్రమాణం, సార్. నిఖార్సైన ప్రమాణం."

ఆ విధంగా మా బండికి, కార్యాలయం జీపుకు జత కుదిరింది. దానికి ధూమ సమతుల్య అనుబంధం అని పేరు పెట్టారు. షరతు ఒక్కటే. సగటు నిలవాలంటే రెండు బండ్లూ ఎప్పుడూ కలిసే తిరగాలి. ఒకటి నడుస్తున్నంతసేపు రెండోది నడవాలి. ఒకటి ఆగితే రెండోది ఆగాలి.

బండి విడిపించుకున్న సంతోషంలో నేను సరేనన్నాను.

మొదటి పెళ్ళికే షరతు బోధపడింది. మేము శామియానా వేసుకుని ఒక పల్లెకు బయలుదేరితే, ముందు జీపులో కోదండపాణి గారు, పుండరీకాక్షం గారు, ఇద్దరు గుమాస్తాలు. జీపు ముందుండాలన్నది ప్రోటోకాలు. దాని పొగ నేరుగా మా అద్దం మీదికి వచ్చింది. ఏసోబు ముక్కుకు తువ్వాలు కట్టుకుని, జీపు ఎక్కడుందో శబ్దాన్ని బట్టి కనుక్కుంటూ తోలాడు. ఊళ్ళో సామాను దించడం ముహూర్తందాకా సాగింది, అంతసేపూ మా బండి స్టార్టులోనే ఉంది కాబట్టి జీపు కూడా పందిరి పక్కన స్టార్టులోనే ఉంది. తెల్లచీర కట్టుకుని పీటల మీదికి వచ్చిన పెళ్ళికూతురు బూడిదరంగు చీరతో లేచింది. మగపెళ్ళివారి తరఫు పెద్దాయన వచ్చి, "ఏందమ్మా, సామాను అడిగితే పొగబండి కూడా తెచ్చావు?" అన్నాడు.

"అది మా సగటు" అన్నాను. ఇంకేం చెప్పను?

ఆఫీసర్లు భోజనాలు చేసి, తాంబూలాలు తీసుకుని, పూర్ణాలు బాగున్నాయని పెళ్ళికూతురి తండ్రికి చెప్పారు.

మా పని మీద వాళ్ళు వచ్చినప్పుడు వాళ్ళ పని మీద మేము వెళ్ళడం న్యాయం. కోదండపాణి గారు రోడ్డు మీద తనిఖీకి వెళితే వెనకే మేమూ కుర్చీల బండితో వెళ్ళేవాళ్ళం. బండ్లవాళ్ళు మా కుర్చీలు చూసి ఏదో మీటింగు అనుకుని ఆగి, దిగి, వరసగా వేయించుకుని కూర్చునేవాళ్ళు. ఒకసారి ఒకాయన మైకు అడిగాడు. కోదండపాణి గారు అంతమంది కూర్చుని ఉండటం చూసి ఆగలేక, స్వచ్ఛమైన గాలి గురించి ప్రసంగించారు. జీపు స్టార్టులోనే ఉంది. ఆయన కనిపించలేదు గానీ మాట మాత్రం స్పష్టంగా వినిపించింది.

జతల సంగతి ఊరంతా పాకింది. పొగ ఎక్కువున్న ప్రతివాడికీ పొగ లేని జత కావాలి. కొత్త బండ్లవాళ్ళ ఇళ్ళ ముందు లారీలవాళ్ళు పళ్ళు పట్టుకుని నిలబడ్డారు. మధ్యవర్తులు తయారయ్యారు. "మా వాడిది పదిచక్రాల లారీ అండీ. పొగ కొంచెం ఎక్కువే, కానీ మనసు మంచిది" అని ఒక మధ్యవర్తి మాట్లాడుతుంటే నేను చెవులారా విన్నాను. ఊళ్ళో స్కూటీ నడిపే బడిపంతులమ్మ ఒకామె సంతలో వంకాయలు కొంటుంటే, వెనక ఇసుక లారీ ఆమె కోసం హారను కొడుతూ నిలబడి ఉంది. కార్యాలయం ఆ సంవత్సరం జిల్లాలో ఒక్క బండి కూడా ప్రమాణం తప్పలేదని పైకి రాసింది. నిజమే. సగటు ఎక్కడా తప్పలేదు. ఆకాశం మాత్రమే కనిపించలేదు. ఏసోబు దగ్గు పెరిగింది.

ఇలా నడుస్తుండగా ఒకరోజు ఎత్తురోడ్డు మీద జీపు పెద్ద శబ్దం చేసి ఆగిపోయింది. ఇంజను పట్టేసింది. దస్తగిరి వచ్చి చూసి పెదవి విరిచాడు. కార్యాలయం వాళ్ళు జీపును తాళ్ళు కట్టి యార్డుకు లాగించి, దాని పక్కనే మా బండిని కూడా నిలబెట్టించారు.

మర్నాడు నన్ను పిలిపించారు. పుండరీకాక్షం గారు లేచి నిలబడి మాట్లాడారు. అంత మర్యాద చూసి నాకు భయం వేసింది.

"తెలియజేయుటకు విచారిస్తున్నాము. ప్రభుత్వ వాహనం సేవల నుంచి నిష్క్రమించింది. అది లేనందున మీ వాహనానికి సగటు లేదు. అనుబంధ నియమాల ప్రకారం జతలో ఒకటి పోయినప్పుడు రెండోది కూడా తుక్కుకు వెళ్ళాలి. దీన్ని సహనిష్క్రమణ అంటాము."

"నా బండి బాగానే ఉంది కదండీ."

"బాగుండటం వేరు. ఉండటానికి అర్హత వేరు."

"మా ఆయన పోయి చాలా ఏళ్ళయింది సార్" అన్నాను. "నేను ఇంకా ఉన్నాను. వ్యాపారం చేస్తున్నాను. మీ ముందే నిలబడ్డాను. ఇది ఏ నియమం ప్రకారం?"

పుండరీకాక్షం గారు నిజంగానే ఆలోచించారు. "మీ విషయం మా కార్యాలయ పరిధిలోకి రాదమ్మా. వచ్చి ఉంటే పరిశీలించేవాళ్ళం."

కోదండపాణి గారికి ఆ మాట కొంచెం ఎబ్బెట్టుగా అనిపించినట్టుంది. గొంతు సవరించుకున్నారు. "జీపు బాగుపడితే ఏ చిక్కూ లేదు. కానీ మరమ్మతుకు నిధులు లేవు. పౌరులు స్వచ్ఛందంగా ముందుకు వస్తే ప్రజా భాగస్వామ్యం కింద స్వీకరించే వెసులుబాటు ఉంది." అని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. గదిలో పౌరులు అంటే నేనొక్కదాన్నే.

జీపు ఇంజను దస్తగిరి బల్ల మీదికి చేరింది. ఖర్చు సంగతి రాయను, రాస్తే ఏడుపు వస్తుంది. దస్తగిరి నన్ను పక్కకు పిలిచాడు.

"అక్కా, ఈసారి నా మాట ఇను. దీనికి పాత పద్ధతే చేస్తా. డబ్బా గుల్లగా ఉంచుతా, మర రెండు చుట్లు తిప్పుతా. పొగ పుష్కలంగా ఇస్తా. సగటు నిలబడుద్ది, నీ బండి బతుకుద్ది."

"బండి బతుకుద్ది. ఎనక తోలేవాడు?"

దస్తగిరి జీపు ఇంజనును చూశాడు గానీ షెడ్డు ముందు కూర్చున్న ఏసోబును చూడలేదు.

"శుభ్రంగా చేస్తే రెండిటికీ పొగ రాదక్కా. రెండూ తుక్కుకే. నీ బండిని నువ్వే చంపుకున్నట్టు."

నేను ఆ రోజంతా గోడౌనులో గంగాళాల మధ్య కూర్చుని ఆలోచించాను. నాకు తెలిసింది ఒక్కటే. నా బండిని తుక్కుకు పంపడానికి వాళ్ళకు ఒక్క సంతకం చాలు, ఆ పెన్ను మూత తీసే ఉంచుతారు. కానీ వాళ్ళ జీపును పంపాలంటే మర్నాటి నుంచి కోదండపాణి గారు బస్సులో ఆఫీసుకు రావాలి. ఆయన బస్సు ఎక్కుతారా, నియమం మారుస్తారా? ఈ ప్రశ్న మీద నేను నా బండిని పందెం కాశాను. తప్పితే దుకాణం మూసుకోవడమే.

"కంపెనీవాడు ఎట్టా పంపాడో అట్టా చెయ్యి" అన్నాను.

దస్తగిరి తల మీద చెయ్యి పెట్టుకున్నాడు. "నీతో పెట్టుకుంటే నా పట్టిక కూడా పోయేట్టుందక్కా" అన్నాడు. కానీ చేశాడు.

జీపు అప్పగించే రోజు కార్యాలయం మొత్తం యార్డులోకి వచ్చింది. గుమ్మడికాయ కొట్టారు. డ్రైవరు తాళం తిప్పాడు. అందరూ వెనక గొట్టం వైపు చూస్తూ నిలబడ్డారు.

"స్టార్టవలేదు" అన్నారు పుండరీకాక్షం గారు.

"అయింది సార్" అన్నాడు డ్రైవరు.

"అవలేదయ్యా. ఏదీ?"

డ్రైవరు గేరు వేసి జీపును నాలుగడుగులు ముందుకు నడిపాడు. గుమాస్తాలు వెనక్కి జరిగారు. కోదండపాణి గారు గొట్టం దగ్గర వంగి చూశారు. లేచేటప్పటికి ఆయన ముఖం మొదటిసారి మామూలు మనిషి ముఖంలాగా ఉంది.

"ఇది వయసుకు తగ్గ పొగ కాదు" అన్నారు నెమ్మదిగా.

"కాదండీ" అన్నాను.

"అంటే పట్టిక ప్రకారం..." అని పుండరీకాక్షం గారు మొదలుపెట్టారు. అలవాటు కొద్దీ జేబులోంచి నోటీసు పుస్తకం కూడా తీశారు. కోదండపాణి గారు ఆయన్ని ఒక చూపు చూశారు. పుస్తకం జేబులోకి వెళ్ళిపోయింది. ఇద్దరూ లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నారు.

నేనూ ఏసోబూ వేపచెట్టు నీడలో కూర్చున్నాం. "పెద్దమ్మా, సంతకం దేని మీద పెడతన్నారో" అన్నాడు వాడు. యార్డు అవతలి వైపు తుక్కు కొనేవాళ్ళ క్రేను ఉంది. దాని డ్రైవరు మా బండిని కళ్ళతోనే తూకం వేస్తున్నాడు.

మామూలుగా ఒక కాగితం కదలడానికి వారాలు పట్టే కార్యాలయం అది. ఈసారి టీ చల్లారేలోపు సవరణ తయారైంది. పుండరీకాక్షం గారు మెట్ల మీద నిలబడి పెద్దగా చదివారు.

"ప్రభుత్వ వాహనము నుండి వయసునకు తగిన ధూమము వెలువడని యెడల, వెలువడినట్లే భావించవలెను. సదరు భావన జత వాహనమునకును వర్తించును. ఇట్లు భావించబడిన ధూమము సంపూర్ణమైనందున, జత వాహనములు ఇకమీదట కలిసి తిరుగనవసరము లేదు. ఈ భావనను సిబ్బంది యావన్మంది తమ ప్రవర్తనలో ప్రతిబింబింపజేయవలెను."

"అంటే ఏంది పెద్దమ్మా?" అన్నాడు ఏసోబు.

"బండి మనదే అని. తాళం తియ్యి."

బండి గేటు దాటుతుండగా ఏసోబు అద్దంలోంచి వెనక్కి చూసి, "అయ్యో, ఆయనకేమైంది?" అన్నాడు. నేను తల బయటపెట్టి చూశాను. మా వెనక రోడ్డు కడిగినట్టుంది, ఎండ తెల్లగా పడుతోంది. ఆ ఎండలో పుండరీకాక్షం గారు ముక్కు మూసుకుని, ఇంకో చేత్తో ముఖం ముందు గాలిని విసురుకుంటూ, వంగి వంగి దగ్గుతున్నారు. ఆయన వెనక వరసగా గుమాస్తాలు, వాచ్‌మెను. కోదండపాణి గారు అందరికంటే గట్టిగా దగ్గుతున్నారు.

ఇట్లు,
తన్నీరు చెంచమ్మ, అరవై ఎనిమిదేళ్ళు. ఇప్పుడు ఉంటున్నది రేగడపాలెం బస్టాండు వెనక, టెంట్ హౌసు గోడౌను మేడ మీద.